మరో సెల్ లైన్‌లో చూపించమని రాసే ముందు

కిడ్నీ క్యాన్సర్ జీవక్రియల మీద వచ్చే పేపర్లను పరిశీలించే రివ్యూయర్లకు, వాటిని అచ్చువేసే సంపాదకులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీరు రాసే రివ్యూల్లో ఒక వాక్యం మాలాంటి వాళ్లకు కంఠతా వచ్చేసింది. “ఈ ఫలితాన్ని కనీసం మరొక సెల్ లైన్‌లో కూడా చూపించాలి.” సెల్ లైన్ అంటే ఒకే మూలం నుంచి తీసి ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పెంచుతున్న కణాల సంతతి. ఏ సెల్ లైన్‌లోనో ఉండదు, ఎందుకో కూడా ఉండదు. మేమూ తిరిగి అడగం. లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు మూత తీసి, గడ్డకట్టించిన కణాల సీసాల్లో ఏ వయల్ ముందు చేతికి తగిలితే దాన్ని కరిగించి, పెంచి, అదే ప్రయోగం మళ్లీ చేసి, అనుబంధంలోని గ్రాఫ్‌లో ఇంకో రెండు బార్లు కలిపి పంపుతాం. “రచయితలు నా సందేహాలన్నీ తీర్చారు” అని మీరు రాస్తారు. పేపర్ బయటికొస్తుంది. అందరూ హ్యాపీ.

నేను కల్చర్ గదిలో పనిచేసే మనిషిని. కిడ్నీ క్యాన్సర్ కణాలకు మీడియం, అంటే అవి తినే ద్రవం, మార్చడం, వాటిని పాసేజ్ చేయడం, అంటే కొన్నింటిని కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చడం, ఒక ఎంజైమ్‌ని తీసేసి, మళ్లీ పెట్టి, ఏమవుతుందో చూడడం నా రోజువారీ పని. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు, నేరుగా అడుగుతున్నాను. ఆ వాక్యం రాయడం మానేయండి. ఈ ఎంజైమ్ సంగతి తేల్చడానికి ఈ కణాలే ఎందుకు, అవి నిజంగా ఆ కణాలేనా, వాటికి ఏం తిండి పెట్టారు అని అడగండి. ఆ మూడింటికీ జవాబు లేకుండా రెండో సెల్ లైన్ వచ్చినా, పదో సెల్ లైన్ వచ్చినా ఒరిగేదేమీ లేదు.

కిడ్నీ క్యాన్సర్ ఒక్క జబ్బు కాదని మీకు నేను చెప్పనక్కర్లేదు. నాలుగింట మూడు వంతులు క్లియర్ సెల్ రకం. అందులో ఎక్కువ భాగం కణితులను అణిచే వీహెచ్ఎల్ జన్యువు పోయినవే. ఆ జన్యువును 1993లో గుర్తించారు. అది లేకపోతే హిఫ్ అనే ప్రొటీన్ విరిగిపోకుండా కణంలో పేరుకుపోతుంది. చుట్టూ ఆక్సిజన్ ఉన్నా, లేనట్టే కణం బతకడం మొదలుపెడుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో తేల్చినందుకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెన్జా 2019లో నోబెల్ అందుకున్నారు. వీహెచ్ఎల్ కథ అందులో సగం. ఇక ఫ్యూమరేట్ హైడ్రటేజ్ అనే ఎంజైమే పోయి వచ్చే వంశపారంపర్య రకం వేరు. సక్సినేట్ డీహైడ్రోజినేజ్ పోయి వచ్చేది వేరు. పాపిల్లరీ వేరు, క్రోమోఫోబ్ వేరు. వీటిలో ఒక్కొక్కదానికి జీవక్రియ దెబ్బతిన్న చోటు ఒక్కొక్కటి.

ఇప్పుడు మా ట్యాంకులో ఉన్నవి చూడండి. 786-ఓ అనేది 1976లో వచ్చిన సెల్ లైన్. వీహెచ్ఎల్ పోయిన క్లియర్ సెల్ రకానికి ఇదే మా పని గుర్రం. అయితే హిఫ్‌లోని రెండు ముఖ్య రకాల్లో, ఇందులో పనిచేసే హిఫ్-1 ఆల్ఫా లేదు, ఉన్నది హిఫ్-2 ఆల్ఫా మాత్రమే. దానికి తోడు క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల్లో పీటెన్ పోయింది, పీ53 చెడింది. ఆర్‌సీసీ4 తీసుకుంటే అందులోనూ వీహెచ్ఎల్ లేదు కానీ రెండు హిఫ్‌లూ ఉన్నాయి. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌లను ఎక్కువగా నడిపేది హిఫ్-1. కాబట్టి గ్లైకోలిసిస్‌లో, అంటే ఆ విరగ్గొట్టే పనిలో, ఉన్న ఒక ఎంజైమ్ గురించి ఈ రెండు కణాలూ రెండు మాటలు చెబితే అది ప్రయోగంలో లోపం కాదు, అలా చెప్పడమే వాటి స్వభావం. కేకీ-1, ఏసీహెచ్ఎన్‌లలో వీహెచ్ఎల్ చెక్కుచెదరకుండా ఉంది. ఏసీహెచ్ఎన్ అయితే లక్షణాల్లో పాపిల్లరీ రకానికి దగ్గర. కానీ మీరు “మరో సెల్ లైన్” అనగానే మేం సాధారణంగా ఎత్తుకునేది ఈ రెండింటిలో ఒకటే. ఎందుకంటే బాగా పెరుగుతాయి, ట్రాన్స్‌ఫెక్షన్‌కు, అంటే బయటి జన్యువును లోపలికి పంపడానికి, లొంగుతాయి, మొరాయించవు. సైన్సు కారణం ఒక్కటీ లేదు.

దీనివల్ల ఏం నష్టం జరుగుతుందో ఎఫ్‌బీపీ1 విషయంలో బాగా తెలుస్తుంది. కిడ్నీ కార్టెక్స్, అంటే పై పొర, గ్లూకోజ్‌ను తయారుచేసుకోగల కణజాలం, ఆ తయారీలో కీలకమైన ఎంజైమ్ ఇది. 2014లో ఆరు వందలకు పైగా క్లియర్ సెల్ కణితులను పరిశీలిస్తే దాదాపు అన్నింటిలోనూ ఎఫ్‌బీపీ1 పడిపోయి ఉంది. గ్లూకోజ్ తయారీ ఆగితే విరగ్గొట్టడం పెరుగుతుంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదనిపిస్తుంది. ఆశ్చర్యమంతా తర్వాత వచ్చింది. ఈ ఎంజైమ్ న్యూక్లియస్‌లోకి వెళ్లి హిఫ్‌ను పట్టుకుని దాని నోరు నొక్కుతోంది. ఎంజైమ్‌గా పనిచేయకుండా మ్యుటేషన్ పెట్టినా ఆ రెండో పని ఆగలేదు. ఇప్పుడు మీరే ఆలోచించండి. వీహెచ్ఎల్ సరిగ్గా ఉన్న కణంలో, మామూలు ఇంక్యుబేటర్ గాలిలో, హిఫ్ నిలవే ఉండదు. ఎఫ్‌బీపీ1 వెళ్లి నోరు నొక్కడానికి అక్కడ ఎవరున్నారు? అలాంటి ప్రయోగం ఏసీహెచ్ఎన్‌లో చేసి “ప్రభావం లేదు” అని వస్తే, అది 786-ఓలో వచ్చిన ఫలితాన్ని కొట్టేసినట్టు కాదు, బలపరిచినట్టు. కానీ రివ్యూలో దానికి పడే పేరు “పునరావృతం కాలేదు” అని.

ఇంకో సంగతి. 1995లో 786-ఓ కణాల్లోకి వీహెచ్ఎల్‌ను తిరిగి పెట్టారు. ప్లేటులో పెరుగుదల లెక్కపెడితే తేడా ఏమీ కనబడలేదు. అవే కణాలను రోగనిరోధక శక్తి లోపించిన ఎలుకలకు ఎక్కిస్తే మాత్రం కణితి పెరుగుదల అణిగిపోయింది. ఆ పేపర్ రాసినవాళ్లు ప్లేటు దగ్గరే ఆగిపోయి ఉంటే, ఈ క్యాన్సర్ మొత్తంలో అతి ముఖ్యమైన జన్యువు “పెరుగుదలపై ప్రభావం లేనిది” అని ముద్ర పడేది. ఆ దారిలోనే నడిచి, హిఫ్-2ను అడ్డుకునే బెల్జుటిఫాన్ మందు దాకా వచ్చాం. అమెరికాలో అది 2021లో వీహెచ్ఎల్ జబ్బుకు, 2023 చివర్లో ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు అనుమతి పొందింది. కాబట్టి “మూడు రోజుల ప్రొలిఫరేషన్ అస్సే, మూడు సెల్ లైన్లలో” అని అడిగే ముందు, ఆ అస్సే, అంటే పెరుగుదల కొలిచే పరీక్ష, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలదా అని ఒక్కసారి చూడండి.

అస్సే అన్నాను కాబట్టి ఇంకొకటి. ఎంటీటీ అనే పసుపు రంగుతో కణాలు లెక్కపెట్టామన్న పేపర్లను జీవక్రియ ఎంజైమ్‌ల విషయంలో మీరెలా పాస్ చేస్తున్నారో నాకు నిజంగా అర్థం కాదు. ఆ పసుపు రంగు ఊదాగా మారేది కణంలోని డీహైడ్రోజినేజ్‌ల దయవల్ల, అంటే జీవక్రియ వల్లే. జీవక్రియనే మార్చేసి, జీవక్రియతోనే తల లెక్క తీస్తే ఇక ఏం తేలుతుంది? కణాలను నేరుగా లెక్కపెట్టమనండి, లేదా డీఎన్ఏ కొలవమనండి. అంతకు మించి దీని గురించి చెప్పడానికేమీ లేదు.

హెచ్ఈకే293 అనే సెల్ లైన్ గురించి కాస్త కటువుగానే రాస్తున్నాను. 1973లో లైడెన్‌లో పిండపు కిడ్నీ కల్చర్‌లోకి అడినోవైరస్-5 డీఎన్ఏ పంపి దీన్ని పుట్టించారు. ఆ కల్చర్‌లో అసలు ఏ కణం మారిందో తెలియదు. నాడీకణాల లక్షణాలు ఇందులో బాగా కనిపిస్తాయని 2002లోనే తేల్చారు, అడ్రినల్ మూలం కావచ్చన్న వాదన కూడా ఉంది. ప్రొటీన్ ఉత్పత్తి చేయించడానికి దీనికి సాటి లేదు, నేనూ వాడతాను. కానీ “కిడ్నీ కణాల్లో ధ్రువీకరించాం” అని దీన్ని చూపిస్తే మాత్రం, నేతిబీరలో నెయ్యి ఎంతో అందులో కిడ్నీ అంతే. “మామూలు కిడ్నీ” అంటూ పక్కన పెట్టే హెచ్‌కే-2 కొంత నయం. కనీసం అది ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అనే కిడ్నీ నాళిక నుంచి వచ్చింది. అయితే దానికి అమరత్వం ఇచ్చింది పాపిలోమా వైరస్ 16 తాలూకు ఈ6, ఈ7 ప్రొటీన్లు. కణాల పెరుగుదలకు కళ్లెం వేసే పీ53నీ, ఆర్‌బీనీ పడగొట్టాకే అది ఫ్లాస్క్‌లో బతుకుతోంది. పైగా ప్లాస్టిక్ మీదికి చేరిన ప్రాక్సిమల్ కణాలు కొవ్వు ఆమ్లాల మీద బతకడం తగ్గించి గ్లూకోజ్ మీద పడతాయన్నది పాత సంగతే. దాన్ని “నార్మల్” అన్న కాలమ్‌లో పెట్టి ఎంజైమ్‌లు పోల్చేటప్పుడు పేపర్‌లో ఈ ముక్క ఒక్క లైనైనా ఉండాలని మీరు పట్టుబట్టొచ్చు.

ఇక తిండి సంగతి. నా మనసులో ఉన్న అసలు బాధ ఇదే, కాస్త ఓపిక పట్టండి.

మన రక్తంలో గ్లూకోజ్ గాఢత సుమారు 5 మిల్లీమోలార్. ఆర్‌పీఎంఐ-1640 మీడియంలో 11. హై గ్లూకోజ్ డీఎంఈఎంలో 25. గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం రక్తంలో అర మిల్లీమోలార్ పైచిలుకు ఉంటే, ఈ మీడియాల్లో 2 నుంచి 4. మరో అమైనో ఆమ్లం ఆర్జినిన్ రక్తంలో 0.1 దరిదాపుల్లో, ఆర్‌పీఎంఐలో 1కి పైనే. సిస్టీన్ జంటగా ఉండే సిస్టిన్ కూడా అంతే, కొన్ని రెట్లు ఎక్కువ. రక్తంలో దండిగా ఉండే యూరిక్ యాసిడ్ మాత్రం ఈ సీసాల్లో ఉండదు. ఈ మిశ్రమాలను తయారుచేసినవాళ్ల ఉద్దేశం కణాలు చావకుండా, మాటిమాటికీ మీడియం మార్చాల్సిన పని లేకుండా పెరగడం. ఆ పని అవి అద్భుతంగా చేస్తాయి. రక్తాన్ని అనుకరించడం వాటి ఉద్యోగం కాదు.

క్లియర్ సెల్ కణితుల్లో ఏఎస్ఎస్1 అనే యూరియా చక్రపు ఎంజైమ్ తగ్గిపోతుంది. ఆర్జినిన్‌ను సొంతంగా చేసుకోవడానికి కావాల్సిన ఎంజైమ్ అది. అది పోయిన కణం బయటి ఆర్జినిన్ మీద ఆధారపడుతుంది. ఈ ఆధారపడటాన్ని చూడాలంటే బయట ఆర్జినిన్ పరిమితంగా ఉండాలి కదా? పది రెట్లు ఎక్కువ పోసి, “ఏఎస్ఎస్1 లేకపోయినా తేడా లేదు” అని రాస్తే దానికి అర్థమేముంది? 2019లో ప్లాస్మాక్స్ అనే మీడియంను తయారుచేసినవాళ్లు చూపించిందీ ఈ కోవలోనే ఉంది. మామూలు మీడియంలో ఉన్న అతి ఆర్జినిన్ వల్ల పక్కనే ఉండే ఎంజైమ్, ఆర్జినినోసక్సినేట్ లయేజ్, ఏకంగా వెనక్కి నడుస్తోంది. అదే పనిలో మరో సంగతి కూడా బయటపడింది. మీడియంలో కలిపే పైరువేట్ వల్ల ఆక్సిజన్ బాగా ఉన్నా హిఫ్-1 నిలబడుతోంది. హిఫ్ చుట్టూ తిరిగే క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లకు ఇంతకన్నా టెన్షన్ పెట్టే విషయం ఉంటుందా? అయినా ఎన్ని పేపర్లలో “పైరువేట్‌తో” లేదా “పైరువేట్ లేకుండా” అన్న మాట కనిపిస్తోంది?

కల్చర్లలోకి చొరబడే మైకోప్లాస్మా అనే బాక్టీరియా దగ్గరికి వద్దాం. కల్చర్ గదిలో దీన్నిమించిన దొంగ లేదు. మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపులో కనబడదు, కణగోడే లేదు కాబట్టి పెన్సిలిన్‌కు భయపడదు. కణాలు పైకి నవనవలాడుతూనే ఉంటాయి. చాలా మైకోప్లాస్మాలు బతికేది ఆర్జినిన్‌ను విరగ్గొట్టుకునే. వాటి ఆర్జినిన్ డీఇమినేజ్ దాన్ని సిట్రులిన్‌గా, అమ్మోనియాగా మారుస్తుంది. సిట్రులిన్ అంటే సాక్షాత్తూ ఏఎస్ఎస్1కు కావాల్సిన ముడిసరుకు. అంటే మైకోప్లాస్మా పట్టిన ఫ్లాస్క్‌లో ఏఎస్ఎస్1 లేని కణాలు ఆర్జినిన్ అందక కుంగుతాయి, ఏఎస్ఎస్1 తిరిగి పెట్టినవి ఆ సిట్రులిన్‌తో ఆర్జినిన్ చేసుకుని బతికిపోతాయి. ఎంత అందమైన ఫలితం! గ్రాఫ్ చూస్తే పెద్ద పత్రికకు పంపాలనిపిస్తుంది. ఆర్జినిన్‌ను ఎండగట్టే మందుగా క్యాన్సర్ ట్రయల్స్‌లో వాడుతున్న ఏడీఐ-పెగ్20 కూడా మైకోప్లాస్మా ఎంజైమ్‌కు తొడుగు తొడిగినదే. అంటే ఆ సూక్ష్మజీవి చేసేది అచ్చం మన మందు చేసే పనే. ఇలాంటి ఫలితం రెండో సెల్ లైన్‌లో కూడా వస్తుంది, మూడో దాంట్లో కూడా వస్తుంది, ఎందుకంటే ఒకే ఇంక్యుబేటర్, ఒకే హుడ్, ఒకే చేతులు. మీ వాక్యం దీన్ని పట్టుకోలేదు. ప్రయోగం జరిగిన వారంలో ఆ సూక్ష్మజీవి డీఎన్ఏను వెతికే పీసీఆర్ పరీక్ష చేశారా అన్న ప్రశ్న పట్టుకుంటుంది. “మైకోప్లాస్మా లేదని తేలింది” అన్న మూడు మాటలు చాలవు. ఎప్పుడు, ఏ పద్ధతిలో అన్నది రాయించండి.

కణాలు నిజంగా అవేనా అన్నదానికి ఎస్‌టీఆర్ ప్రొఫైల్ అనే డీఎన్ఏ వేలిముద్ర ఉంది. ఖర్చు తక్కువ, పని చిన్నది. తప్పుడు పేరుతో తిరుగుతున్న సెల్ లైన్ల జాబితాలో అయిదు వందలకు పైగా ఉన్నాయని అందరికీ తెలుసు, అయినా “ఫలానా ల్యాబ్ దయతో ఇచ్చింది” అన్న వాక్యాన్ని గుర్తింపు పత్రంగా తీసుకుంటున్నాం. కిడ్నీ క్యాన్సర్‌లో ఎస్‌టీఆర్ ఒక్కటే చాలదు కూడా. వీహెచ్ఎల్ తిరిగి పెట్టిన 786-ఓకు, పెట్టని 786-ఓకు వేలిముద్ర ఒక్కటే. జన్యువు పెట్టిన కణాలనే బతకనిచ్చే సెలెక్షన్ మందు ఆపేసి కొన్నాళ్లు పెంచితే పెట్టిన జన్యువు మౌనం వహించవచ్చు. కాబట్టి ప్రయోగం చేసిన ఆ పాసేజ్‌లోనే వీహెచ్ఎల్, హిఫ్ ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూపే బ్లాట్ ఉండాలి. రెండేళ్ల కిందటి బ్లాట్ కాదు.

ఇదంతా ల్యాబుల చాదస్తం అనుకునేవాళ్లకు ఒక ట్రయల్ గుర్తుచేస్తాను. ప్లేటులోని కిడ్నీ క్యాన్సర్ కణాలు గ్లూటమిన్ కోసం ఎంత ఆవురావురంటాయో చూసి, గ్లూటమినేజ్ ఎంజైమ్‌ను ఆపే టెలాగ్లెనాస్టాట్‌ను రోగుల దాకా తీసుకెళ్లారు. కాబోజాంటినిబ్ అనే మరో క్యాన్సర్ మందుతో కలిపి, 444 మంది మీద పరీక్షించారు. జబ్బు ముదరకుండా ఉన్న కాలం మందు కలిపినవాళ్లలో మధ్యస్థంగా 9.2 నెలలు, కలపనివాళ్లలో 9.3. మీడియం వల్లే ఇలా జరిగిందని నేను అనడం లేదు, ఒక ట్రయల్ ఫలించకపోవడానికి వంద కారణాలుంటాయి. కానీ 2017లోనే ఒక సంగతి అచ్చయింది. మీడియంలో ఉన్న అతి సిస్టిన్, కణాలు గ్లూటమిన్‌ను వాడుకునే తీరునే మార్చేసి, గ్లూటమినేజ్ మందుకు అవి సులువుగా లొంగేలా చేస్తుంది. ఆ పరీక్ష చేసింది ఎక్కువగా వేరే క్యాన్సర్ల కణాల మీద. అయినా సిస్టిన్ సంగతి మన కణాలకు వర్తించదని ఎవరూ అనలేరు. ప్లేటులో కనిపించిన ఆకలి కణితిదా, సీసాదా అని అడగాల్సిన సమయం రోగి చేతికి మాత్ర రాకముందే.

ఆక్సిజన్‌ది చిన్న మాటే. ఇంక్యుబేటర్‌లో దాదాపు 18 శాతం ఉంటుంది, కిడ్నీలో పది లోపే, దాని లోపలి భాగమైన మెడుల్లాలో మరీ తక్కువ. అది ఎంతో, మీడియం ఎంత ఎత్తు పోశారో రాయించండి. ఎత్తు పెరిగే కొద్దీ అడుగున ఉన్న కణానికి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది.

అయితే రెండో సెల్ లైన్ అసలు వద్దా? కావాల్సిన చోట్లున్నాయి, కానీ అది అదే జబ్బు నుంచి వచ్చినదై ఉండాలి. ఫ్యూమరేట్ హైడ్రటేజ్ పోయిన క్యాన్సర్ సంగతే తీసుకోండి. అక్కడ ఫ్యూమరేట్ పోగుపడి, హిఫ్‌ను విరగ్గొట్టమని గుర్తుపెట్టే ఎంజైమ్‌లనే ఆపుతుంది, ప్రొటీన్లలోని సిస్టీన్లకు అతుక్కుంటుంది. దీనికి రోగి నుంచి వచ్చిన సెల్ లైన్లే అతి కొద్ది. యూఓకే262 వాటిలో పేరున్నది. మైటోకాండ్రియా సరిగ్గా నడవనప్పుడు గ్లూటమిన్ వెనక దారిలో, కార్బాక్సిల్ చేర్చుకుంటూ సిట్రేట్ అవుతుందని తేల్చిన పనిలో దీన్నీ వాడారు. ఈ కణాలను పెంచితే తెలుస్తుంది వాటి బాధ. శ్వాస దాదాపు లేక గ్లూకోజ్ మింగుతూనే ఉంటాయి, లాక్టేట్‌తో మీడియం గులాబీ నుంచి పసుపుకు తిరిగిపోతుంది, వారాంతం వదిలేస్తే సోమవారం తేలుతున్న కణాలే మిగులుతాయి. అలాంటి ఎంజైమ్ మీద పేపర్ వస్తే, ఒక్క యూఓకే262 చూపించి, దానిలోకే ఆ ఎంజైమ్‌ను తిరిగి పెట్టిన జంటను పక్కన చూపిస్తే చాలు. ఆ జంటకు 786-ఓలో చేసిన అదే ప్రయోగం సాటి రాదు. వీలైతే అదే జబ్బు ఉన్న మరో రోగి నుంచి వచ్చిన కణాలు, లేదా అసలు కణితి ముక్కలో ఆ మెటబోలైట్, అంటే జీవక్రియలో పుట్టే పదార్థం, కొలత అడగండి. 138 జతల కణితి, పక్క కణజాలం కొలిచిన మెటబోలైట్ అట్లాస్ 2016 నుంచీ ఉంది. ఆపరేషన్ సమయంలో రోగులకు కార్బన్-13తో గుర్తుపెట్టిన గ్లూకోజ్ ఎక్కించి, క్లియర్ సెల్ కణితుల్లో గ్లూకోజ్ ఆక్సీకరణ అణిగి ఉందని 2018లో చూపించారు. రచయితల ప్లేటులోని అంకెలు వాటికి దగ్గరగా ఉన్నాయా అని అడగడానికి మీకు ఖర్చేమీ లేదు.

సంపాదకులకు విడిగా రెండు మాటలు. మెథడ్స్ భాగాన్ని పదాల లెక్కలోంచి తీసేయండి. మీడియం క్యాటలాగ్ నంబర్, గ్లూకోజ్, గ్లూటమిన్, పైరువేట్ ఎంత, సీరం డయలైజ్ చేసిందా (చిన్న అణువులు తీసేసిందా) కాదా, ఎన్ని గంటలకోసారి మార్చారు, పాసేజ్ ఎంత అన్నవి “ప్రామాణిక పరిస్థితుల్లో పెంచాం” అన్న మూడు మాటల్లోకి కుదించుకునేది మేం బద్ధకంతో కాదు, మీ పరిమితికి లోబడి. రెండోది, వీహెచ్ఎల్ ఉన్న కణంలో “ప్రభావం లేదు” అని వచ్చిన ఫలితాన్ని ముందే ఊహించి, ఎందుకో రాసి పంపినవాళ్లను, ఆ బొమ్మ తీసేయమని అడగకండి. మా ల్యాబ్ నుంచి ఈ మధ్య వెళ్లిన ఒక పేపర్‌కు అదే జరిగింది. ఏసీహెచ్ఎన్ ప్యానెల్ “గందరగోళంగా ఉంది” కాబట్టి వదిలేస్తే బాగుంటుందన్నారు. ప్యానెల్ తీయలేదు. దాని కింద మూడు లైన్లు ఎక్కువ రాసి మళ్లీ పంపాం, ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
సెల్ కల్చర్ గది నుంచి ఒక పరిశోధక విద్యార్థి